నూట తొంభై ఆరు చెట్లు, ఒక పుట్ట

1986 జూన్ 14, శనివారం, సాయంత్రం ఆరు గంటల ఇరవై నిమిషాలు. మా పెరటిగోడ అవతలి జీడిమామిడి తోటలో, ఈశాన్య మూలనున్న పుట్ట నుంచి ఉసిళ్ళు లేచిన సమయం అది. ఈ విషయంలో నాకు అనుమానం లేదు. మా నాన్న చేతిగడియారం ఆయన పోయిన నాటి నుంచి నా మణికట్టు మీదే ఉండేది. రోజూ ఉదయం రేడియో వార్తల వేళకు దాన్ని సరిచేసుకునేదాన్ని. ఆ మధ్యాహ్నం మృగశిర కార్తె తొలివాన ఒక గంట కురిసి వెలిసింది. తడిసిన పుట్ట నెత్తిన అయిదు చోట్ల చిల్లులు పడ్డాయి. వాటిలోంచి రెక్కల పురుగులు మొదట సన్నని పొగలాగా, ఆ తరవాత చేటతో పొట్టు ఎగరబోసినట్టుగా పైకి లేచాయి. అమ్మ వెడల్పాటి ఇత్తడి పళ్ళెంలో నీళ్ళు పోసి, నడిమధ్య ఇటుక మీద లాంతరు వెలిగించి పెట్టింది. వెలుగు కోసం వచ్చి నీళ్ళలో పడ్డవాటిని నేను జల్లెడతో దేవి అరుగు మీద ఆరబోశాను. రెక్కలు రాలాక అమ్మ వాటిని చెరిగి, మట్టి మంగలంలో ఉప్పూ కారం వేసి వేయించింది. వేరుశనగ గింజలు వేగేటప్పటి వాసనకు కాస్త నెయ్యి తోడైనట్టుండే ఆ కమ్మదనం వీధి చివరిదాకా పోయేది. చుట్టుపక్కల ఆడవాళ్ళు గిన్నెలు పట్టుకుని వచ్చారు. "పుట్ట చల్లగా ఉందమ్మా, ఈ ఏడు మనకు ఢోకా లేదు" అన్నారు. నేను రెండు గుప్పెళ్ళు తిన్నాను. ఆ సంగతి కూడా నోటుపుస్తకంలో రాసుకున్నాను. ఇప్పుడా పంక్తి చదువుతుంటే నోరు చేదవుతోంది.

ఆ నోటుపుస్తకం గత నెలలో బయటపడింది. విజయపురి సౌత్‌లో కాలువ నీటిమట్టాలు రోజుకు మూడు పూటలా చూసి రాసే ఉద్యోగం నాది. ఇరవై రెండేళ్ళుగా ఉంటున్న క్వార్టరు గోడలు పగిలాయని ఖాళీ చేయమన్నారు. మంచం కింది ట్రంకుపెట్టెను లాగితే అడుగురేకు తుప్పుపట్టి నేలకే అతుక్కుపోయి ఉంది. పాత చీరల కింద ఎనభై ఎనిమిది పేజీల పొడుగు నోటుపుస్తకం. నేల పగుళ్ళలోంచి వచ్చిన చెదలు తుప్పు చిల్లులగుండా లోపలికి దూరి, అందులో ముప్పై ఒక్క పేజీలు తినేశాయి. కొన్నిచోట్ల తేదీ పోయి గంట మిగిలింది, కొన్నిచోట్ల చెట్టు నంబరు ఉండి దాని పక్కన రాసిన మాట పోయింది. అంకెలతో బతికేవాళ్ళకు తప్పుడు అంకె మీద కన్నా పోయిన అంకె మీద కోపం ఎక్కువ. ఆ కోపం చల్లారక ముందే ఈ అధ్యాయం రాస్తున్నాను. చెదల మీద నాకు జాలి లేదు. ఇందులో మరి ఇద్దరి మీద కూడా జాలి చూపబోవడం లేదు. వారిలో ఒకరు మా పెదనాయన. రెండోవారు పదహారేళ్ళ నేను.

మా ఊరు మాచర్లకు తొమ్మిది మైళ్ళు. ఆ చుట్టుపక్కల నేల సంగతి తెలిసినవారికి చెప్పనక్కరలేదు: పైన రెండు మూడడుగుల ఎర్రమట్టి, దాని కింద పొరలు పొరలుగా నాపరాయి. తెలివైనవాళ్ళు మట్టిని తోసేసి రాయిని అమ్ముకుంటారు. మా నాన్న 1982 వానల్లో ఆ మట్టిలో జీడిమామిడి నాటాడు. పద్నాలుగు వరసలు, వరసకు పద్నాలుగు మొక్కలు, మొత్తం నూట తొంభై ఆరు. నాటిన మరుసటి ఏడే ఆయన జ్వరంతో పోయాడు. అప్పటి నుంచి తోటకు నీళ్ళు మోసింది అమ్మా నేనూ. వేసవిలో మొక్కకు రెండు బిందెలు, నాలుగు రోజులకొక తడవ. ప్రతి మొక్క దగ్గరా ఒక నాపరాయి ముక్క పాతి, దానిమీద సున్నంతో నంబరు వేశాను. పదో తరగతి అయ్యాక నా చదువు ఆగింది; ఆ నంబర్ల చుట్టూ తిరగడమే నా పని. పొద్దున లేచి పళ్ళు తోముకుంటూ ఒకటో నంబరు నుంచి నడక మొదలుపెడితే, నూట తొంభై ఆరు దగ్గరకు చేరేటప్పటికి అమ్మ పొయ్యి రాజేసి ఉండేది. వేపపుల్ల చేదు, పచ్చికట్టె పొగ, జీడి చిగురు నలిపితే వచ్చే వగరు వాసన, ఈ మూడూ కలిసిందే నాకు ఆనాటి పొద్దు.

నేల మాత్రం మాది కాదు. నాన్నా ఆయన అన్నా పంచుకోలేదు. పాసుపుస్తకం పెదనాయన పేరున ఉంది. నాన్న బతికినంతకాలం అది కాగితం మాటగానే ఉండేది. ఆయన పోయిన నెలమాసికంనాడే పెదనాయన, నలుగురు పెద్దమనుషులు కూర్చుని ఉండగా, అమ్మతో అన్నాడు: "అయిదో వేసవికి కాపొస్తే తోట మీది. రాకపోతే క్వారీ కిందికి ఇచ్చేస్తా. నన్నెవురూ తప్పుబట్టగూడదు." నలుగురూ తలలూపారు. అయిదో వేసవి అంటే 1987. మా బతుకంతా ఆ ఒక్క మాట మీద నిలబడి ఉంది. కాపు వస్తే మేం తోటవాళ్ళం, రాకపోతే పెదనాయన వసారాలో పాచిపనివాళ్ళం. అలాగని ఆయన అయిదో వేసవిదాకా ఊరుకోలేదు. ఏటా వేసవిలో ఒక క్వారీ మేస్త్రిని తీసుకొచ్చి నేల చూపించేవాడు. ఆ మేస్త్రి తోటంతా తిరిగేవాడు, అక్కడక్కడా మడమతో తొక్కి చూసేవాడు, చివరకు ఈశాన్య మూలకు వెళ్ళి పుట్టకు దణ్ణం పెట్టుకుని, మరేమీ మాట్లాడకుండా సైకిలెక్కి పోయేవాడు. మూడు వేసవుల్లో అతను వచ్చిన తేదీలు మూడూ రాసుకున్నాను. ఎందుకు వెళ్ళిపోతున్నాడో ఒక్కసారీ రాసుకోలేదు.

చెదలను తోటలోకి పిలిచింది మేమే. 1986లో ఎండలు గట్టిగా ఉంటాయని అందరూ అనడంతో, మొదళ్ళ దగ్గర తేమ ఆరకుండా ఏదైనా కప్పాలనుకున్నాం. పక్క చేలల్లో పత్తి ఏరడం అయిపోయి కట్టె పీకేస్తున్నారు. అడిగినవాళ్ళకు మోసుకుపొమ్మనేవారు. అమ్మా నేనూ పద్దెనిమిది రోజులు పత్తికట్టె మోపులు నెత్తిన మోసి, ప్రతి చెట్టు మొదట్లో మోకాలెత్తున గుండ్రంగా పేర్చాం. ఆ ఆలోచన నాది. తోట చూసిన ప్రతివాళ్ళూ మెచ్చుకున్నారు. నేను రాసుకున్న మాట ఇది: "196 చెట్లకూ గొడుగు పట్టాం."

జూలై 3, గురువారం ఉదయం ఏడు గంటలకు తొమ్మిదో నంబరు చెట్టు ఆకులు మాడిపోయినట్టు వేలాడుతున్నాయి. కట్టె పక్కకు నెట్టి చూస్తే మొదలు చుట్టూ ఎర్రమట్టి పొర, ఎవరో చేతితో పూసినట్టుగా, తడి ఆరకుండా ఉంది. వేలితో గీకితే పెచ్చు ఊడివచ్చింది. దాని వెనుక బెరడు లేదు. బెరడు ఉండాల్సినచోట బియ్యపు నూకల్లాంటి తెల్లటి పురుగులు కుప్పలుగా కదులుతున్నాయి. నేను తరవాతి చెట్టుకు, ఆ తరవాతి చెట్టుకు పరుగెత్తాను. పైన పచ్చగా నవ్వుతున్న చెట్లే, కింద మొలతాడు కట్టినట్టు చుట్టూ మట్టి. ఆరోజు మట్టి కట్టినవి యాభై రెండు. జూలై 20 నాటికి చచ్చినవి పద్నాలుగు.

ఆ ఆదివారమే పెదనాయన తువ్వాలు భుజాన వేసుకుని తోటలోకి వచ్చాడు. నా చేతిలో నోటుపుస్తకం చూసి నిలబడ్డాడు.

"ఏందే నాగీ, చెట్లు లెక్కపెడతన్నావా, పీనుగుల్ని లెక్కపెడతన్నావా?"

"నూట ఎనభై రెండున్నయ్ పెదనాయనా."

"నిన్నెన్ని?"

"నూట ఎనభై అయిదు."

"మరి రేపో?" అని నవ్వాడు. "మీ నాన్న బండమీద తోటేశాడే. బండమీద మొలిచేది బండే." వెళ్ళిపోతూ పుట్ట దగ్గర ఆగి, దాన్ని ఎగాదిగా చూసి, "చెట్లు చస్తన్నా ఇది మాత్రం చావదు" అన్నాడు. ఆ గొంతులో ఉన్నది విసుగు. దాన్ని నేను వెటకారం అనుకున్నాను.

అమ్మకు ఇదంతా నాగేంద్రుడి కోపంగా కనిపించింది. వరసగా మూడు శుక్రవారాలు పుట్టలో పాలు పోసింది, పసుపుకుంకాలు చల్లింది, కోడిగుడ్డు పెట్టింది. ఇక్కడ నా పేరు సంగతి చెప్పాలి. పెళ్ళయిన ఏడేళ్ళదాకా అమ్మకు పిల్లలు లేరు. ఏడేళ్ళూ ఆ పుట్ట చుట్టూ ప్రదక్షిణాలు చేసి పాలు పోస్తే నేను పుట్టానని ఆమె నమ్మకం. అందుకే నాకు నాగమణి అని పేరు. చిన్నప్పుడు చెవిపోటు వస్తే ఆ పుట్టమన్నే తెచ్చి చెవి తమ్మెలకు పూసేది. మన్ను ఆరి బిగుసుకునేటప్పుడు చల్లగా, కొంచెం పుల్లని వాసనతో ఉండేది. ఆ వాసన నాకు అమ్మ చేతి వాసనతో కలిసిపోయి ఉంది.

జూలై 21, సోమవారం ఎర్రబస్సెక్కి మాచర్ల వెళ్ళి వ్యవసాయ శాఖాఫీసులో ఒక ఆఫీసరు ముందు, పెచ్చుతో సహా తెచ్చిన బెరడు ముక్క పెట్టాను. నడివయసు మనిషి, మాట కరుకు. బెరడు తిప్పి చూసి, "మొదళ్ళకేం కప్పారు?" అన్నాడు.

"పత్తికట్టె సార్. ఎండ తగలకుండా."

"ఎండుకట్టె చెదకు పప్పన్నం అమ్మాయ్. ఇస్తరేసి పిలిచి, తిని పోలేదని ఏడిస్తే ఎట్టా? తోటలో పుట్టుందా?"

"ఉంది సార్. నాగేంద్రుడి పుట్ట."

"నాగేంద్రుడు పుట్ట కట్టడు. చెద కడతది, ఆయన అద్దెకుంటాడు. తొలివానకు ఉసిళ్ళు లేచినయ్యా?"

"లేచినయ్."

"తిన్నారా?"

"తిన్నాం సార్."

"అయ్యే ఇయ్యి. రెక్కలూడితే చెద. ముందు కట్టె మొత్తం పీకి దూరంగా తగలబెట్టండి. తరవాత పుట్ట తవ్వి, అడుగున రాణి ఉంటది, దాన్ని తియ్యండి. అది రోజుకు వేలల్లో పెడతది గుడ్లు. దాన్ని తియ్యకుండా మీరెన్ని మందులు చల్లినా కాపు మాట మర్చిపోండి." ఒక కాగితం మీద చల్లాల్సిన పొడి పేరు రాసిచ్చి, ఎన్ని పిడికిళ్ళు కలపాలో వేళ్ళు చూపించి చెప్పాడు.

తిరుగు ప్రయాణంలో బస్సు కిటికీ పక్కన కూర్చుని నేను పడ్డ అవమానం ఇప్పటికీ తగ్గలేదు. ఒకే పురుగు. వానాకాలంలో రెక్కలతో వస్తే దాన్ని ఉసిళ్ళు అని వేయించుకు తిన్నాం. దూలానికో పుస్తకానికో పడితే చెద అని తిట్టుకున్నాం. మట్టి కట్టుకుని కూర్చుంటే పుట్ట అని దానికి దణ్ణం పెట్టుకున్నాం. మూడు పేర్లు పెట్టుకుని మూడు వేర్వేరు ప్రాణులనుకున్నాం. మా మాటల్లో పుట్ట ఎప్పుడూ పాముది. కట్టినదాని పేరు అందులో ఎక్కడా లేదు. నూట తొంభై ఆరు చెట్లకు నంబర్లు వేసిన నాకు, రోజూ చూసే ఒక పురుగును గుర్తుపట్టడం రాలేదు.

ఇంటికొచ్చి అమ్మకు చెప్పాను. కట్టె పీకడానికి వెంటనే ఒప్పుకుంది. పుట్ట మాట ఎత్తగానే చేతిలో చేట కింద పెట్టింది.

"ఎవడే ఆ మాటన్నది? వాడి నోట మన్ను బడ! నిన్నిచ్చిన పుట్టే అది. దానిమీద పలుగేస్తే నీ మీదేసినట్టే."

"నన్నిచ్చింది నువ్వూ నాన్నా. పుట్ట ఇచ్చింది చెదల్ని."

చెంప మీద కొట్టింది. నా పదహారేళ్ళలో అది మొదటి దెబ్బ, ఆ తరవాతా మరొకటి లేదు. కాసేపటికి ఆమే నా పక్కన వచ్చి కూర్చుని, నేల వైపు చూస్తూ అంది: "అది మనల్ని కాస్తందే. నీకు తెలవదు."

మూఢనమ్మకం అనుకున్నాను. అప్పుడప్పుడే నేర్చుకున్న మాట అది, నాకు చాలా ముచ్చటగా ఉండేది.

కట్టె పీకడానికి మూడు రోజులు పట్టింది. ప్రతి మోపు అడుగునా మట్టి గొట్టాలు, వాటిలో తెల్లగా కదలిక. ఊరి బయట కుప్ప పోసి అంటిస్తే చిటపటలాడుతూ మండింది, వచ్చిన వాసన మళ్ళీ వేయించిన ఉసిళ్ళ వాసనే. చావులు నెమ్మదించాయి కానీ ఆగలేదు. ఆగస్టు ఆఖరుకు నలభై ఒకటి. నాగుల చవితినాటికి అరవై మూడు. ఆ చవితికి ఊళ్ళో ఆడవాళ్ళంతా తడిచీరలతో తోటలోకి వచ్చి పుట్ట నిండా పాలు పోశారు. చిమ్మిలి ఉండలు, చలిమిడి పెట్టారు. పాలు పుట్ట కన్నాల్లోకి ఇంకిపోతుంటే చూస్తూ నిలబడ్డాను. మేం తాగకుండా పోసిన పాలు ఎవరు తాగుతున్నారో ఆ గుంపులో నాకొక్కదానికే తెలుసు. ఆ గర్వం, ఆ ద్వేషం రెండూ కలిసి మర్నాడు తెల్లవారగానే నన్ను పెదనాయన గుమ్మం ముందుకు తీసుకెళ్ళాయి. ఊళ్ళో రాయి లేపే బరువు పలుగు ఆయన దగ్గరే ఉంది.

"దేనికే పలుగు?"

"పుట్ట తవ్వటానికి."

కేకలేస్తాడనుకున్నాను. లోపలికి వెళ్ళి పలుగు తెచ్చి నా చేతికిచ్చాడు. "మొన బాగుంది, మొన్ననే సాన పట్టించా" అన్నాడు. "మీ అమ్మకు జెప్పమాక."

సాయానికి యోహాను మామను పిలిచాను. ఆయన మా వెనక వీధిలో ఉండేవాడు, క్వారీలో పలకలు లేపే పని. చర్చికి వెళ్ళేవాళ్ళకు పుట్ట పట్టింపు ఉండదు కదా అని నా లెక్క. మామ వచ్చాడు కానీ పుట్టకు నాలుగడుగుల దూరంలో ఆగిపోయాడు.

"నీకేం భయం మామా? మీకు పుట్టల్లేవుగా."

"ఎవురు జెప్పారే నీకు? మా అమ్మ పేరు నాగమ్మ. చర్చిలో మరియమ్మని రాపిచ్చారు గానీ, చచ్చిందాకా నాగమ్మంటేనే పలికింది." తలపాగా విప్పి మళ్ళీ కట్టుకున్నాడు. "అది గాదమ్మే నేజెప్పేది. ఈ పుట్టున్నంత కాలం మావోళ్ళెవురూ ఈ నేల్లో..."

"తెలుసులే మామా, పామంటే భయం. పక్కకి జరుగు" అన్నాను.

ఆయన మాట పూర్తి చేయనివ్వలేదు. నా నోటుపుస్తకంలో ఆ తేదీ ఉండాల్సిన చోట ఇప్పుడు బొటనవేలు పట్టేంత రంధ్రం ఉంది. గంట మాత్రం మిగిలింది: ఉదయం 7.10. మొదటి పోటు నేనే వేశాను. నిన్నటి పాలతో తడిసినా పుట్ట రాయిలా ఉంది, మోచేతులు జివ్వుమన్నాయి. నాలుగో పోటుకు నెత్తి విరిగింది. అప్పుడు యోహాను మామ ఏసు పేరు తలుచుకుని నా చేతిలోంచి పలుగు తీసుకున్నాడు. నడుం లోతుకు వెళ్ళినా పాము లేదు, పాము కుబుసం కూడా లేదు. చెదలు తిండికి పెంచుకునే తేనెపట్టులాంటి బూజుగూళ్ళు మట్టి అరల్లో పేర్చినట్టుగా ఉన్నాయి. వాటి అడుగున బోర్లించిన కొబ్బరిచిప్పంత గట్టిమట్టి గది. మామ దాన్ని పలుగు మొనతో చీల్చాడు. లోపల నా చూపుడువేలంత పురుగు, మీగడ రంగు, అలల్లా కదిలే పొట్ట. తల మాత్రం మామూలు చెద తలంతే. పారిపోవడానికి దానికి కాళ్ళు చాలవు.

వెనక అడుగుల చప్పుడైతే తిరిగి చూశాను. అమ్మ. చేతిలో పాలముంత ఉంది. కేకలు పెడుతుందని, గుంటలో పడుతుందని భయపడ్డాను. ఆమె అంచున కూర్చుని వంగి చూసింది.

"పామేదిరా యోహానూ?"

"లేదమ్మా. ఇదే."

అమ్మ నా వైపు తిరిగింది. "దీనికేనే నేను ఏడేళ్ళు పాలు పోసింది?" అని నన్ను అడిగింది. ఆమె గుంటలోకి దిగి, దాన్ని మడమ కింద పెట్టి తొక్కింది. తరవాత ముంతలోని పాలు ఎక్కడ పోయాలో తెలియనట్టు అటూ ఇటూ చూసి, యోహాను మామ చేతికిచ్చింది. మామ గటగటా తాగేశాడు. గుంటలో పొడి చల్లి పూడ్చాం.

ఆ తరవాత చచ్చినవి అయిదే, అవీ అప్పటికే మొదలు పోయినవి. మిగిలినవి నూట ఇరవై ఎనిమిది. మాఘంలో పూత వచ్చింది. ఏప్రిల్లో ఎర్రటి, పసుప్పచ్చటి పళ్ళ కింద గింజలు వేలాడాయి. పండు పిండితే చేతికి అంటే వగరు, గింజ జీడి తగిలితే బొబ్బలెక్కే వేళ్ళు, ఆ నొప్పి కూడా మాకు పండుగగానే ఉంది. గింజలను ఒక్కొక్కటే లెక్కపెట్టాను: రెండువేల నూట పదహారు. అమ్మ వాటిని గోతంలో పోసి నెత్తిన పెట్టుకుని పెదనాయన వసారాలో దించింది.

"బావగారూ, కాపొచ్చింది."

పెదనాయన గోతంలోకి చూడనైనా చూడలేదు. "కాపొస్తే తోట మీదన్నా. తోట మీదే. నరుక్కుపోండి. నేల నా పేరునుంది."

"నలుగుర్లో అన్నారు బావగారూ."

"నలుగుర్నీ పిలు. మూడేళ్ళు నా మేస్త్రి వచ్చి ఆ పుట్టకు దణ్ణం పెట్టి పోయాడు. పుట్టున్న నేల్లో ఒక్క కూలోడు పలుగు దించలా. నేను తవ్వుంటే ఊరు నన్ను బతకనిచ్చుద్దా? నీ కూతురు తవ్వింది. ఆ పుట్ట పేరు బెట్టుకున్న పిల్లే తవ్వాక ఇంకెవురేమంటారు?" అని నా వైపు తిరిగి, మెచ్చుకుంటున్నట్టుగానే అన్నాడు: "పలుగు పదునుగా ఉందా లేదా, నాగీ?"

నలుగురినీ పిలిచాం. నలుగురూ వచ్చి, పుట్ట లేదుగా ఇంకేముంది అన్నారు. దయతలిచి తూర్పు పక్క రెండు వరసలు మాకు వదలమని తీర్పు చెప్పారు. కోర్టుకెక్కేంత బలం మాకు లేదు. ఆ జూన్‌లోనే పన్నెండు వరసలు నరికారు. మట్టి తీసేశాక మొదటి పలక లేపినవాడు యోహాను మామ. ఆయనకు వేరే పని లేదు. లేపి, మా ఇంటి వైపు చూడకుండా కూర్చున్నాడు. అమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే తేదీ వేసి రాసుకునేదాన్ని. "అది మనల్ని కాస్తందే" అన్న మాటను ఆమె ఏమెరిగి అన్నదో, ఏమీ ఎరగకుండా అన్నదో, తొమ్మిదేళ్ళ కిందట ఆమె పోయేదాకా సమయం ఉన్నా నేను అడగలేదు.

ట్రంకుపెట్టె తెరిచిన వారానికి ఆ ఊరు వెళ్ళాను. మా తోట ఉన్నచోట నిలువుగోడల గుంట, అందులో ఆకుపచ్చ నీళ్ళు. అలవాటు ప్రకారం తాడుకు రాయి కట్టి దించి చూశాను: పందొమ్మిది అడుగులు. గట్టున క్వారీ చెత్త గుట్టగా పోసి ఉంది. ఆ గుట్ట మీద నా ఎత్తుకన్నా జానెడు ఎక్కువగా ఒక కొత్త పుట్ట. దాని చుట్టూ పసుపు, కుంకుమ, ఎండిన బంతిపూలు, చింపి పారేసిన పాలపాకెట్లు. ఒక ముసలామె ప్రదక్షిణం చేస్తూ నన్ను చూసి ఆగింది.

"మొక్కుకో తల్లీ. పిల్లల్నిచ్చే పుట్ట. ఇది లేచినాకే ఈ పక్కకి తవ్వుకుంటా రావటం ఆపారు. చానా మహిమ గలది."

"ఎంతకాలమైంది లేచి?" అని అడిగాను.

"ఎవురు లెక్కబెట్టారు?" అంది.

ఒకప్పుడు ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు ఉండేది. మొక్కలేదు. ఏ కట్టె తిని అది అంత ఎత్తు పెరిగిందోనని తూర్పు వైపు, మిగిలిన చెట్ల వైపు నడిచాను. వాటిలో రెండింటి మొదళ్ళకు ఎర్రమట్టి పొర తడిగా ఉంది. వేలితో ఒక పెచ్చు ఊడదీశాను. అవే పురుగులు. చెయ్యి దులుపుకుని, నంబరు రాళ్ళ కోసం వెతికాను. ఒకటి దొరికింది, సున్నం పోయింది.

నాటినవి 196. చెద తిన్నవి 68. క్వారీకి పోయినవి 111. మాకు దక్కినవి 17. వాటిలో ఈనాటికి నిలిచినవి 6. పుట్ట పోయింది 1, లేచింది 1. నోటుపుస్తకంలో పేజీలు 88, పోయినవి 31, ఉన్నవి 57. నాన్న గడియారం ఉంది, నడవదు. తొలికాపు గింజల పైపెచ్చు నుంచి తీసిన జీడినూనె అమ్మ తన చెక్కపెట్టెకు పూసింది. ఆ పెట్టె ఉంది. దానికి చెద పట్టలేదు.